ఐదు నిమిషాల ఒప్పుకోలు: రష్యా జైళ్ల నుంచి బఖ్ముత్ దాకా ఒక కేస్ స్టడీ

నెలకు రెండు శనివారాలు ఒక సెంట్రల్ జైలులోని న్యాయ సహాయ కేంద్రంలో కూర్చోవడం పద్నాలుగేళ్లుగా నా పని. అప్పీళ్లు, బెయిలు దరఖాస్తులు, పెరోల్ కాగితాలు, ఊళ్లో గట్టు తగాదాలు, బిడ్డ పెళ్లికి ఎస్కార్ట్ మీద పంపించమనే అర్జీలు, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. 2023 జనవరిలో ఒక జీవిత ఖైదీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అప్పీలు కొట్టేశారు. మాఫీ జాబితాలో పేరు రావడం లేదు. బ్యారక్ టీవీలో ఏదో వార్త చూసినట్టున్నాడు.

"సారూ, రష్యాల ఖైదీలను మిలిటరీల తీసుకుంటున్నరంట. ఆర్నెల్లు కొట్లాడితే మొత్తం మాఫీనంట. మనకాడ గిట్ల పెడితే నేను పోత."

"చచ్చిపోతే?"

"ఆర్నెల్లే గద సారూ. ఈడ తొమ్మిదేండ్లాయె."

ఆ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత దొరికిన ప్రతి కథనం, ప్రతి చట్టం చదువుతూ వచ్చాను. ఈ కేస్ స్టడీ ఆ చదువులోంచి వచ్చిందే. యుద్ధంలో ఎవరిది న్యాయం అన్నది ఇక్కడ నేను తేల్చబోవడం లేదు. నా వృత్తికి సంబంధించిన ప్రశ్న ఒక్కటే: నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి పెట్టిన సంతకాన్ని ఒప్పుకోలు అనవచ్చా?

ఏం జరిగింది

2022 మొదట్లో రష్యాలో ఖైదీలు దాదాపు 4.65 లక్షలు. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది. వేసవికల్లా సైన్యానికి మనుషులు చాలడం లేదు. దేశమంతటా పౌరులను బలవంతంగా పిలిస్తే జనం తిరగబడతారేమోనన్న భయం ప్రభుత్వానికి ఉండేది. ఆ సందులోకి వాగ్నర్ అనే ప్రైవేటు సైనిక కంపెనీ వచ్చింది. దాని యజమాని యెవ్గెనీ ప్రిగోజిన్. ఒకప్పుడు దోపిడీ కేసులో 1981లో లోపలికి వెళ్లి తొమ్మిదేళ్లు జైల్లో గడిపినవాడు. జైలు భాష, ఖైదీ మనసు ఆయనకు బాగా తెలుసు.

జూలై నుంచి ఆయన మనుషులు జైళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. సెప్టెంబరు 14న ఒక వీడియో బయటికి వచ్చింది. మారి ఎల్ ప్రాంతంలోని ఒక జైలు ఆవరణలో నల్ల బట్టల్లో వరుసగా నిలబెట్టిన ఖైదీల మధ్య ప్రిగోజిన్ స్వయంగా మాట్లాడుతున్నాడు. ఆ మాటల సారం ఇది. ఆరు నెలలు పోరాడాలి. బతికితే క్షమాభిక్షతో ఇంటికి, జైలుకు తిరిగి రావడమనేది ఉండదు. వచ్చాక నాకు వద్దంటే పారిపోయినవాడిగా లెక్కగట్టి కాల్చేస్తారు. మద్యం, మాదకద్రవ్యాలు, దోపిడీ కుదరవు. బతికున్నవాళ్లను ఇక్కడినుంచి తీసుకెళ్తాను గానీ అందరినీ బతికుండగా తిరిగి తేలేను అని కూడా అన్నాడు. ఆలోచించుకోవడానికి ఐదు నిమిషాలు.

ఆ వీడియోను నేను చాలాసార్లు చూశాను. ప్రమాదాన్ని ఆయన దాచలేదు, నిజమే. ఆయనను సమర్థించేవాళ్లు మొదట చెప్పేది కూడా అదే: అంతా ముందే చెప్పాడు కదా, ఇష్టమైనవాడే వెళ్లాడు కదా అని. నాకు మాత్రం ఆ ఐదు నిమిషాల దగ్గరే చూపు ఆగిపోతుంది. మన దగ్గర బ్యాంకులో పర్సనల్ లోన్ కాగితాలు చదవడానికి కూడా అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది.

నెలకు లక్ష రూబుళ్లు, చనిపోతే కుటుంబానికి 50 లక్షల రూబుళ్లు అని మాట ఇచ్చారు. జైలు కుట్టు మిషను దగ్గర ఖైదీకి వచ్చే కూలి తెలిస్తేనే ఈ అంకె బరువు అర్థమవుతుంది. రాజకీయ ఖైదీగా మొర్డోవియాలోని 14వ నంబరు మహిళా జైల్లో ఉన్న నదేజ్దా తొలోకొన్నికోవా 2013లో బయటికి రాసిన లేఖలో లోపలి లెక్క చెప్పింది. రోజుకు 16, 17 గంటలు పోలీసు యూనిఫారాలు కుట్టించేవారు. ఆ జూన్ నెలకు ఆమె చేతికి వచ్చిన కూలి 29 రూబుళ్లు. రోజుకు కాదు, నెలకు. 2021లోనైతే జైళ్ల శాఖ అధిపతి అలెగ్జాండర్ కలాష్నికోవ్ బాహాటంగానే ఒక ప్రతిపాదన పెట్టాడు: వలస కూలీలు తగ్గిపోయారు, నిర్బంధ పని శిక్షకు మార్చదగిన ఖైదీలు 1.88 లక్షల మంది ఉన్నారు, రైల్వే నిర్మాణం లాంటి పెద్ద పనుల్లో వాళ్లను పెట్టుకోవచ్చు అని. ఏడాది తిరిగేసరికి అదే మందను యుద్ధం వైపు తోలారు. ఖైదీ అంటే వాడకానికి సిద్ధంగా ఉన్న సరుకు అన్న ఆలోచన అప్పటికే ఉంది, ప్రిగోజిన్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

పాతకాలం సంగతి చూస్తే 1941 నుంచి 1944 వరకు గులాగ్ అనే సోవియట్ నిర్బంధ శ్రమ శిబిరాల నుంచి దాదాపు పది లక్షల మందిని విడిపించి ఎర్ర సైన్యంలోకి, అంటే సోవియట్ సైన్యంలోకి పంపారు. 1942 జూలై 28న స్టాలిన్ ఇచ్చిన 227వ నంబరు ఆజ్ఞతో శిక్షా దళాలు పుట్టాయి. నెత్తురుతో తప్పు కడుక్కోవడం అన్న మాట అప్పటిది. 2023 నవంబరులో క్రెమ్లిన్ ప్రతినిధి దిమిత్రీ పెస్కోవ్, నేరస్థులకు క్షమాభిక్ష ఎందుకన్న ప్రశ్నకు సరిగ్గా ఆ మాటే వాడాడు.

సంతకం పెట్టినవాడి వైపు నుంచి

నా దగ్గరికి వచ్చే ఖైదీ వకాలత్‌నామా చదవడు. పేరెక్కడ రాయాలి, వేలిముద్ర ఎక్కడ వేయాలి అని మాత్రమే అడుగుతాడు. చదువు లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు, ఎంఏ చదివినవాడూ అంతే. లోపల కొన్నాళ్లుంటే కాగితం ముందుకు తోస్తే సంతకం పెట్టడం అలవాటైపోతుంది. పెట్టకపోతే ఏమవుతుందో తెలియదు గనక పెట్టేస్తాడు. అందుకే జైల్లో ఏ ఒప్పుకోలునైనా చూసేటప్పుడు నేను మొదట వెతికేది ఒక్కటే: వద్దు అన్నవాడికి ఏమైంది?

రష్యాలో వద్దు అన్నవాడికి అదే జైలు మిగులుతుంది. అదేమిటో తెలిస్తే సంతకం ఎందుకు పెట్టారో తెలుస్తుంది. ఇందులో నన్ను బాగా కదిలించింది హెచ్ఐవి రోగుల సంగతి. 2022 శరదృతువులో యుద్ధరంగంలో కొందరు ఖైదీ సైనికుల చేతులకు ఎర్ర, తెల్ల పట్టీలు కనిపించాయి. ఎర్రది హెచ్ఐవికి, తెల్లది హెపటైటిస్‌కు గుర్తు. పట్టుబడ్డవాళ్లలో కొందరు పత్రికలవాళ్లకు కారణం చెప్పారు: జైల్లో సరైన మందులు అందడం లేదు, యుద్ధానికి వస్తే మందులిస్తామన్నారు. ఖైదీ దళాల్లో ఐదో వంతు హెచ్ఐవి ఉన్నవాళ్లేనని ఉక్రెయిన్ అధికారుల అంచనా. రోగికి హక్కుగా రావలసిన మాత్రను ఆపి, దాన్నే ఎర చూపి తీసుకున్న ఒప్పుకోలు ఏ కోర్టులో నిలబడుతుంది?

కాగితం సంగతి చూద్దాం. రష్యా చట్టం ప్రకారం ప్రైవేటు సైనిక కంపెనీకి అప్పట్లో ఉనికే లేదు, కిరాయి సైనికుడిగా పనిచేయడం అక్కడ నేరం. శిక్ష పడినవాణ్ని జైలు గేటు దాటించి ఒక వ్యాపారి చేతిలో పెట్టే నిబంధన ఏ పుస్తకంలోనూ లేదు. రికార్డుల్లో చాలామందిని రోస్తోవ్ ప్రాంతానికి బదిలీ అయినట్టు చూపించారు. ములాఖత్‌కు వచ్చిన తల్లికి కొడుకు ఇక్కడ లేడని చెప్పేవారు, ఎక్కడున్నాడో చెప్పేవారు కాదు. ఒప్పందం ప్రతి చేతికి రాలేదని ఎన్నో కుటుంబాలు వాపోయాయి. క్షమాభిక్ష అధ్యక్షుడి అధికారం, రష్యా రాజ్యాంగం 89వ అధికరణ కింద. ఆ ఆజ్ఞల్లో కొన్ని బహిరంగమైనవి, కొన్ని రహస్య ముద్రతో ఉంటాయని 2023 జనవరిలో పెస్కోవే చెప్పాడు. తన విడుదల ఆజ్ఞ ఏ నంబరుదో, ఏ తేదీదో తెలియని ఖైదీ రేపు ఏ కోర్టులో ఏం చూపిస్తాడు? న్యాయవాదిగా నాకు చేతులు కట్టేసేది ఈ రహస్యమే.

పరాయి దేశస్థుడికైతే గతి ఇంకా అధ్వానం. జాంబియా నుంచి చదువుకోవడానికి వెళ్లిన ఒక విద్యార్థి మాదకద్రవ్యాల కేసులో తొమ్మిదిన్నరేళ్ల శిక్ష అనుభవిస్తున్నాడు. 2022 ఆగస్టు 23న అతనికి క్షమాభిక్ష, సెప్టెంబరు 22న యుద్ధంలో మరణం. సరిగ్గా నెల. ఆ దేశ ప్రభుత్వం అడిగితేగానీ విషయం బయటికి రాలేదు. 2025 అక్టోబరులో గుజరాత్‌లోని మోర్బీకి చెందిన 22 ఏళ్ల యువకుడు ఉక్రెయిన్ సైన్యానికి లొంగిపోయాడు. చదువు కోసం రష్యా వెళ్లి, మాదకద్రవ్యాల కేసులో ఏడేళ్ల శిక్ష పడి, జైల్లో ఉండలేక సైన్యం ఒప్పందం మీద సంతకం పెట్టానని, 16 రోజుల శిక్షణ ఇచ్చి ముందుకు తోశారని వీడియోలో చెప్పాడు. ఆ వీడియో తీసింది అతన్ని బంధించిన సైన్యమే. యుద్ధఖైదీ మాటను సాక్ష్యంగా తూచేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకోవాల్సిందే. అయినా జాంబియా విద్యార్థి కథకూ ఇతని కథకూ మధ్య మూడేళ్లు గడిచినా తీరు మారలేదన్నది నన్ను కలవరపెట్టింది.

తెలుగువాళ్లకూ ఈ యుద్ధం దూరంగా లేదు. సహాయకుల ఉద్యోగమని ఏజెంట్ల మాట నమ్మి రష్యా వెళ్లిన మన పిల్లలను సైన్యంలో చేర్చారు. ఒక హైదరాబాద్ యువకుడి మరణాన్ని 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. వాళ్లు ఖైదీలు కారు. కానీ తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టడం అన్న ముడి పరాయి దేశపు ఖైదీలకూ వీళ్లకూ ఒకటే.

లెక్క

2022 చివరికి వాగ్నర్ తరఫున ఉక్రెయిన్‌లో 50 వేల మంది ఉన్నారని, వాళ్లలో 40 వేలు ఖైదీలేనని అమెరికా అంచనా వేసింది. 2023 ఫిబ్రవరి 9న ఖైదీలను తీసుకోవడం ఆపేశామని ప్రిగోజిన్ ప్రకటించాడు. మే నెలలో తూర్పు ఉక్రెయిన్‌లోని బఖ్ముత్ పట్టణం వాగ్నర్ చేతికి చిక్కాక ఆయనే ఒక లెక్క చెప్పాడు: 50 వేల మంది ఖైదీలను తీసుకున్నాం, సుమారు 20 శాతం పోయారు.

తర్వాతి ఏడాది జూన్‌లో బీబీసీ, మీడియాజోనా సంస్థలు చనిపోయినవారి కుటుంబాలకు కంపెనీ చేసిన చెల్లింపుల కాగితాలు సంపాదించాయి. ఖైదీ సైనికుడి మెడలోని బిళ్ల మీద నంబరు 'కె' అక్షరంతో మొదలవుతుంది. ఆ నంబర్లు వరుసగా లెక్కపెడితే జైళ్ల నుంచి వెళ్లినవాళ్లు కనీసం 48,366 మంది అని తేలింది. బఖ్ముత్ పోరులో చనిపోయిన వాగ్నర్ మనుషులు 19,547. అందులో ఖైదీలు 17,175.

చనిపోయిన 17,175 మందిని, వెళ్లిన 48,366 మందితో భాగించాను. 35 శాతం పైనే. ముగ్గురిలో ఒకరికన్నా ఎక్కువ. ప్రిగోజిన్ చెప్పిన 20కీ దీనికీ మధ్య తేడా వేలాది ప్రాణాలు. మొత్తం మృతుల్లో ఖైదీల వాటా పదిమందిలో దాదాపు తొమ్మిది. చిన్న చిన్న గుంపులుగా ఖైదీలను ముందు నడిపించి, కాల్పులు ఎక్కడినుంచి వస్తున్నాయో వాళ్ల మీద పడ్డాక చూసుకుని, ఆ తర్వాత అనుభవమున్న దళాలను దించారని రెండు వైపులవాళ్లూ చెప్పారు. జీతం తక్కువ కాదు కాబట్టి దీన్ని చౌక శ్రమ అనకూడదని కొందరంటారు. ప్రాణానికి లెక్క అడిగేవాడు లేనప్పుడు ఎంత జీతమిచ్చినా అది చౌకే.

చట్టం వెనకాలే వచ్చింది

ప్రిగోజిన్ ఆపాక రక్షణ శాఖ అందుకుంది. 'స్టార్మ్ జెడ్' పేరుతో ఖైదీల దళాలు పెట్టారు. తాగి దొరికిన సాధారణ సైనికులను శిక్షగా అందులోకి నెట్టేవారని 2023 అక్టోబరులో వార్తలొచ్చాయి. అంటే ఆ దళంలో ఉండటమే ఒక శిక్ష అని సైన్యమే ఒప్పుకున్నట్టు.

2023 జూన్ 24న వచ్చిన చట్టంతో ఖైదీలను చేర్చుకోవడానికి మొదటిసారి చట్టం అండ దొరికింది. పిల్లల మీద లైంగిక నేరాలు, ఉగ్రవాదం, దేశద్రోహం లాంటివి మినహాయించారు. అయితే ఆరు నెలల గడువు పోయింది. పతకం వస్తేనో, గాయంతోనో వయసు మీరో సైన్యం నుంచి తీసేస్తేనో, యుద్ధం ముగిస్తేనో విడుదల. క్షమాభిక్ష స్థానంలో షరతులతో కూడిన విడుదల వచ్చింది. వాగ్నర్ కాలంలో చట్టం లేదు గానీ తేదీ ఉండేది. ఇప్పుడు చట్టం ఉంది, తేదీ లేదు.

2024 మార్చిలో ఇంకో చట్టం: దర్యాప్తు దశలో ఉన్న నిందితుడూ సైన్యంలో చేరవచ్చు. అక్టోబరు 2న మరొకటి: కేసు కోర్టులో నడుస్తుండగా కూడా చేరవచ్చు. నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించేది ఈ మెట్టు. విచారణ ఖైదీ నేరం చేశాడో లేదో ఎవరూ తేల్చలేదు. చార్జిషీటు చూపించి ఇది ఒప్పుకుంటావా, అక్కడికి పోతావా అని అడిగితే నిర్దోషి కూడా పోతాడు. పోలీసుకు కేసు రుజువు చేయాల్సిన పని తప్పుతుంది. పదేళ్ల శిక్ష పడే సెక్షను ఎంత తేలిగ్గా పెట్టగలిగితే సైన్యానికి అంత తేలిగ్గా మనిషి దొరుకుతాడు.

బాధితుల వైపు చూస్తే గొంతు పూడుకుపోతుంది. రష్యాలోని కెమెరొవో నగరంలో 2020లో మాజీ ప్రియుడి చేతిలో గంటల తరబడి హింస పడి చనిపోయిన ఒక యువతి ఉంది. హంతకుడికి 2022లో 17 ఏళ్ల శిక్ష పడింది, మరుసటి ఏడాదే క్షమాభిక్ష వచ్చింది. సైనిక దుస్తుల్లో అతని ఫొటోలు చూసేదాకా తల్లికి తెలియదు. పాత్రికేయురాలు అన్నా పొలిత్కొవ్‌స్కయా హత్యలో 20 ఏళ్ల శిక్ష పడిన మాజీ పోలీసు అధికారి కూడా యుద్ధానికి వెళ్లి క్షమాభిక్ష పొందాడు. ఆమె కుటుంబాన్ని ఎవరూ అడగలేదు.

చట్టం తూకంలో

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒడంబడిక నిర్బంధ శ్రమను నిర్వచించింది. ఏదో ఒక శిక్ష బెదిరింపు కింద, తనంతట తాను ముందుకు రాని మనిషితో చేయించే పని అది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. కోర్టు శిక్షలో భాగంగా జైలు పని చేయించవచ్చు, కానీ ప్రభుత్వ పర్యవేక్షణలోనే, ప్రైవేటు వ్యక్తికో కంపెనీకో అప్పగించకూడదు. తప్పనిసరి సైనిక సేవ కూడా మినహాయింపే. సోవియట్ యూనియన్ 1956లోనే దీన్ని ఆమోదించింది. వాగ్నర్ దశ మొదటి మినహాయింపు దగ్గరే కూలిపోతుంది. రక్షణ శాఖ దశ మరింత చిక్కు: యజమాని ప్రభుత్వమే, ఒప్పందం స్వచ్ఛందమని రాసి ఉంటుంది. అక్కడ మళ్లీ ఆ స్వచ్ఛందం అన్న మాటే గట్టిగా పట్టుకోవాలి.

పట్టుకోవడానికి మన దగ్గర మంచి పనిముట్లున్నాయి. ఏషియాడ్ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ భగవతి నిర్బంధ శ్రమను నిషేధించే మన రాజ్యాంగం 23వ అధికరణకు చెప్పిన అర్థం ప్రకారం, కొరడా పట్టుకుంటేనే బలవంతం కాదు. వేరే దారి లేని స్థితిలోకి నెట్టే ఆకలి, లేమి కూడా బలవంతమే. విశాఖపట్నం సెంట్రల్ జైలులోని నక్సలైట్ ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఖైదీ కూలి ప్రశ్నను కేరళ హైకోర్టు, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1980ల్లోనే ఎత్తుకున్నాయి. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు కఠిన కారాగార శిక్షలో పని చేయించడం చట్టబద్ధమేనంటూనే న్యాయమైన కూలి ఇవ్వాలంది. ఆ కూలిలో కొంత బాధితులకు చేరేలా చట్టం తెమ్మని చెప్పింది. ఆ చివరి మాట కెమెరొవో తల్లి కథ చదివాక నాకు కొత్తగా వినిపించింది.

అలాగని మన చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పను. జైలు మాన్యువళ్లలో ఊడ్చే పని ఒక కులానికి, వంట పని ఇంకో కులానికి రాసిపెట్టి ఉన్న నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న. అప్పటిదాకా అవి పుస్తకంలో ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 నుంచి 1919 మధ్య బ్రిటిషువాళ్లు భారత జైళ్ల నుంచి దాదాపు 16 వేల మందిని మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు, మోత కూలీలుగా, పనివాళ్లుగా ఓడలెక్కించారు. వాళ్లకు చూపిన ఆశ కూడా శిక్ష మాఫీయే.

నా అంచనా

ఖైదీకి యుద్ధానికి పోయే హక్కే ఉండకూడదని నేను అనడం లేదు. అలా అంటే అతనికి బుర్ర లేదన్నట్టే. ఉక్రెయిన్ కూడా 2024 మేలో చట్టం చేసి ఖైదీలను తీసుకుంటోంది. అక్కడ కోర్టు విని షరతులతో విడుదల చేయాలి, ఖైదీ రాతపూర్వకంగా అడగాలి, తీసుకునే దళం ఒప్పుకోవాలి. ఇద్దరిని లేదా అంతకన్నా ఎక్కువమందిని చంపినవాళ్లు, లైంగిక నేరస్థులు అనర్హులు. తేడా కచ్చితంగా ఉంది, ఎందుకంటే మధ్యలో జడ్జి ఉన్నాడు, ఆజ్ఞకు నంబరు ఉంది. అయినా చేరినవాడికి తిరిగి వచ్చే తేదీ అక్కడా లేదు, వెనక జైలు తలుపు అక్కడా ఉంది. నేనైతే ఆ ఒప్పుకోలును కూడా కళ్లు మూసుకుని అంగీకరించను.

ఈ అధ్యయనం తర్వాత నా పనిలో మారింది చిన్న విషయం. ఏ కాగితం మీదైనా వేలిముద్ర తీసుకునేముందు మొత్తం చదివి వినిపిస్తాను, ఒక ప్రతి అతని దగ్గరే ఉంచుతాను, తొందర లేని పనైతే వచ్చే శనివారం దాకా ఆగమంటాను. కొందరు విసుక్కుంటారు. కొందరు మాత్రం రెండు వారాల తర్వాత వచ్చి వద్దంటారు. ఇదివరకు వాళ్ల సంతకాలు కూడా తీసుకున్నానన్నమాట.

2024 జూన్‌లో బఖ్ముత్ మృతుల లెక్కలు వచ్చాక, మొదట నన్ను ఆ ప్రశ్న అడిగిన జీవిత ఖైదీని పిలిపించి చెప్పాను. ముగ్గురిలో ఒకరికి పైగా తిరిగి రాలేదని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"మా బ్యారక్‌ల అరవై మందిమి సారూ. అంటే ఇరవై ఒక్కరు."

"అవును."

"ఆర్నెల్లకే?"

"చాలామంది అంతదాకా కూడా లేరు."

తలూపాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ముందస్తు విడుదలకు మేము పెట్టిన అర్జీ ప్రతి అది. ఏమైందని అడిగాడు. ఇంకా పెండింగ్‌లోనే ఉందని చెప్పి, నేను మళ్లీ వచ్చే శనివారం తేదీ దాని వెనక రాసిచ్చాను.